చిన్నమ్మ ఇటలీలో, అమ్మమ్మ పల్లెలో

నల్గొండలో సిస్టరమ్మల, అంటే కథోలిక సన్యాసినుల, మాటెత్తితే ముందు వచ్చేది సీటు ముచ్చటే. "వాళ్ళ స్కూల్ల ఎల్‌కేజీ సీటు కావాల్నంటే ఎవలతోని చెప్పించాలె?" అంటారు. ఆ వెంటనే "ఫీజులు చూస్తే కార్పొరేటోళ్ళ లెక్కనే ఉన్నయ్, ఇగ సేవ యాడిది?" అంటారు. మూడోది మతమార్పిడి. ఈ మూడు మాటలూ ఒకే మనిషి నోట, ఒక చాయ్ అయ్యేలోపు విన్నాను. ఆయన బిడ్డ చదివేది కూడా ఆ స్కూల్లోనే.

నాకు సిస్టరమ్మలతో ఉన్న పేచీ వేరే. మాది తాతల నాటి నుంచి కథోలిక కుటుంబం. మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, మఠంలో చేరింది. దేవరకొండ అవతల ఒక పల్లెలో పుట్టిన మనిషి ఇప్పుడు ఉత్తర ఇటలీలో ఒక మఠంలో మంచాన పడ్డ ముసలి సిస్టర్లకు సేవ చేస్తుంది. ఆమెది ఏ సభో (సిస్టర్ల సంఘాన్ని మేము సభ అంటాం) చెప్పను, చెప్పాల్సిన పని కూడా లేదు. ఇది ఒక్క సభ కథ కాదు. ప్రపంచమంతా పనిచేస్తున్నామని చెప్పుకునే ఈ సభల పటంలో మా పల్లెలు ఎక్కడో జారిపోయాయి. మొదట వాళ్ళను ఇక్కడికి రప్పించిన అవసరం మాత్రం ఇంకా ఇక్కడే ఉంది. నా వాదన అదే.

సికింద్రాబాదు సెయింట్ ఆన్స్ స్కూలు పేరు తెలియని తెలంగాణవాళ్ళు తక్కువ. దాని వేరు ఇటలీలోని టూరిన్ నగరంలో ఉంది. జూలియా కోల్బర్ట్ అనే ఫ్రెంచి దొరల ఇంటి ఆడపిల్ల 1786లో పుట్టింది. ఫ్రెంచి విప్లవంలో వాళ్ళ బంధువులు గిలటిన్ కింద పోయారు. ఆమె బరోలో జమీందారు కార్లో తంక్రేది ఫల్లెత్తిని పెళ్ళాడి టూరిన్‌లో స్థిరపడింది. పిల్లలు లేరు, ఆస్తికి లెక్క లేదు. (బరోలో అంటే ఇవాళ లోకానికి తెలిసింది ఖరీదైన ద్రాక్షసారా. దాని వెనక కూడా ఈమె చేయి ఉందంటారు.) 1814లో ఒకనాడు వీధిలో గురువు (చర్చి ఫాదర్) దివ్యసత్ప్రసాదం తీసుకుపోతున్నాడు, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు ఇచ్చే ప్రసాదం. జూలియా మోకరించింది. పక్కనే జైలు. లోపలి నుంచి ఒక ఖైదీ అరిచాడు, తనకు కావలసింది ఆ ప్రసాదం కాదు, సూపు అని. ఆ కేకే ఆమెను జైల్లోకి నడిపించిందని ఆమె కథ చెప్పేవాళ్ళంతా చెబుతారు. లోపల ఒంటి మీద సరైన బట్టలు లేని ఆడఖైదీలను చూసింది. వాళ్ళతో కూర్చుంది, చదువు చెప్పింది, జైలు పద్ధతుల్ని మార్పించింది. 1834లో ఆమే, భర్తా కలిసి పేద ఆడపిల్లల చదువు కోసం పునీత అన్నమ్మ (సెయింట్ ఆన్) సిస్టర్ల సభను మొదలుపెట్టారు.

నాకు ఈ కథలో నచ్చేది దొరసాని దయ కాదు, ఆ ఖైదీ తిట్టు. సేవ చేయడానికి వచ్చేవాళ్ళు ఏం తేవాలో సేవ అందుకునేవాడు చెప్పాడు, అదీ గట్టిగా.

ఆ సభకు 1861 నుంచి 1894లో చనిపోయేదాకా అధిపతిగా ఉన్న మదర్ ఎన్రికెత్తా దొమినిచి కాలంలోనే, 1871లో, సిస్టర్లు సికింద్రాబాదుకు వచ్చారు. ఆమెను 1978లో ధన్యురాలిగా (పునీతురాలికి ముందు మెట్టు) ప్రకటించారు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, వచ్చీ రాగానే వాళ్ళు పల్లెల్లో దిగలేదు. అది కంటోన్మెంటు ఊరు. తెల్ల సిపాయిల కుటుంబాలు, తమిళ కథోలికుల కుటుంబాలు అక్కడ ఉండేవి. మా వైపు తండాలకూ మాల, మాదిగ వాడలకూ సిస్టరమ్మలు చేరడానికి చాలాకాలం పట్టింది. నల్గొండ మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే చర్చి ప్రాంతం, ఏర్పడిందే 1976లో. మొదటి పీఠాధిపతి (బిషప్పు) పీమే గురువు, మిలానులో పుట్టిన మిషన్ సంస్థకు చెందినవాడు. నల్గొండ కుష్ఠు ఆస్పత్రి కూడా ఆ పీమేవాళ్ళ చలవే.

మా వైపు ముసలోళ్ళకు సిస్టరమ్మ అంటే బడి కన్నా ముందు మందే గుర్తొస్తుంది. ఆ దారి వేసినవాళ్ళలో ఒకామె మేరీ గ్లోరీ. కృష్ణ దాటితే గుంటూరు కాబట్టి ఆమె పేరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పాత కథోలికులకు కొత్త కాదు. 1887లో ఆస్ట్రేలియాలో పుట్టి, మెల్బోర్నులో డాక్టరైంది. 1915లో ఒక కరపత్రం చదివింది. ఇండియాలో పసిపిల్లలు ఎట్లా చచ్చిపోతున్నారో, మగ డాక్టరుకు చూపించుకోని ఆడవాళ్ళ కాన్పులు ఎట్లా ముగుస్తున్నాయో అందులో ఉంది. 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో చేరింది. ఆ సభ 1822లో హాలండులోని అమర్స్‌ఫోర్టులో పుట్టి, 1904లో గుంటూరుకు వచ్చింది. చిక్కు ఎక్కడంటే, ఆనాటి చర్చి నియమం ప్రకారం మఠవాసులు వైద్యం చేయకూడదు, కాన్పులు అసలే చేయకూడదు. ఆమె కోసం పోపు 15వ బెనెడిక్టు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. రోము ఆ నియమాన్ని అందరికీ సడలించింది 1936లో. అంటే చర్చి పెద్దలకు పదహారేళ్ళు పట్టిన ఆలోచన ఈమె చేతుల్లో ముందే నడిచింది. చిన్న మందుల కొట్టంగా మొదలైంది సెయింట్ జోసెఫ్ ఆస్పత్రి అయింది. 1943లో మరికొందరు సిస్టర్లతో కలిసి ఆమె కథోలిక ఆస్పత్రుల సంఘం పెట్టింది. దాని కేంద్రం ఇప్పుడు సికింద్రాబాదులో ఉంది, 3,500కు పైగా సంస్థలు సభ్యులు. ఆమె 1957లో చనిపోయింది.

మందు తర్వాత బోర్డింగు, అంటే పిల్లల హాస్టలు. పాలమూరు సంగతి తెలిసినవాళ్ళకు దీని విలువ చెప్పాల్సిన పనిలేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, దసరా దాటినాక గుంపులు గుంపులుగా బొంబాయి, పూణె బస్సులెక్కేవాళ్ళు. దేశంలో ఎన్నో ఆనకట్టల మట్టి మోసింది పాలమూరు లేబరే. తల్లిదండ్రులు పోతే పిల్లలు ఎక్కడుండాలి? ముసలోళ్ళ దగ్గర, లేకపోతే పని జాగలో ఇసుక కుప్ప మీద. మా అమ్మా చిన్నమ్మా ఒక సిస్టరమ్మల బోర్డింగులో పెరిగారు. ఫీజు కింద తాత పంట మీద జొన్నలు కొలిచేవాడు, కాలం కాని ఏడు అదీ లేదు. అయినా పంపించేయలేదు. తెల్లారకముందే గంట, ప్రార్థన, చీపుర్లు, చదువు, మళ్ళీ ప్రార్థన. అమ్మకు అక్కడి క్రమశిక్షణంటే ఇప్పటికీ కోపమే, కానీ మా ఊళ్ళో ఆమె ఈడు ఆడవాళ్ళలో చెక్కు మీద సంతకం చేసేది ఆమె ఒక్కతే.

ఇక్కడ ఒక చేదు సంగతి దాటవేయలేను. 1999లో, మళ్ళీ 2001లో, దేవరకొండ, చందంపేట తండాల నుంచి అప్పుడే పుట్టిన ఆడపిల్లలను కొని హైదరాబాదు దత్తత కేంద్రాలకు చేర్చిన వ్యవహారం బయటపడింది. మిషనరీ పేరున్న కేంద్రాల మీదా ఆరోపణలు వచ్చాయి. దీన్ని పట్టుకుని మొత్తం సిస్టరమ్మల మీద బురద చల్లేవాళ్ళున్నారు, అసలేమీ జరగనట్టు ఉండేవాళ్ళూ ఉన్నారు. నాకు కనబడేది ఒకటే. తండాలో కాపురమున్న సిస్టరమ్మకు ఏ ఇంట్లో నాలుగో ఆడపిల్ల పుట్టిందో తెలుస్తుంది, ఆ తల్లితో మాట్లాడుతుంది. పట్నంలో ఉయ్యాల పెట్టుకుని కూర్చున్న సంస్థకు బ్రోకరు ముఖమే తెలుస్తుంది. దూరం పెరిగిన చోటల్లా సేవలోకి దళారీ దూరతాడు.

ఆ దూరం ఎట్లా పెరిగింది? సిస్టరమ్మల ఆశ ఒక్కటే కారణం అంటే అన్యాయం. 1971లో మన అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లోనే, దేశంలో మొదటి సర్కారు గురుకులం పెట్టారు. తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాలు, కస్తూర్బా బడులు చాలా చోట్ల వచ్చాయి. పేద పిల్లకు బువ్వ, మంచం, ఇంగ్లీషు మీడియం సర్కారే ఇస్తుంటే బోర్డింగులో జొన్నలు కొలిచేది ఎవరు? కుష్ఠుకు 1980ల నుంచి మంచి మందుల కోర్సు వచ్చింది. కుష్ఠు ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2005 చివర ప్రభుత్వం ప్రకటించాక ఆ ఆస్పత్రుల మంచాలు ఖాళీ అయ్యాయి. ఇటలీ, జర్మనీల నుంచి వచ్చే పైసలు తగ్గాయి, 2020లో విదేశీ విరాళాల చట్టం ఇంకా బిగిసింది. మిగిలింది ఏమిటి? పట్నంలో స్కూలు. దానికి గిరాకీ ఉంది, దాంట్లోంచి వచ్చే ఆదాయంతో మఠం నడుస్తుంది. అట్లా ఒక్కొక్క పల్లె డిస్పెన్సరీకి తాళం పడుతూ పోయింది, ఒక్కొక్క స్కూలుకు కొత్త అంతస్తు లేస్తూ పోయింది.

పోయినవాళ్ళంతా పట్నం స్కూలుకే పోలేదు, కొందరు విమానమెక్కారు. 1970 ప్రాంతంలో ప్రపంచం మొత్తం మీద కథోలిక సిస్టర్లు పది లక్షల మంది ఉండేవాళ్ళు. ఇప్పుడు ఆరు లక్షల లోపు. తగ్గింది ముఖ్యంగా యూరప్‌లో, ఉత్తర అమెరికాలో. అక్కడి మఠాల్లో చాలామంది డెబ్బై దాటినవాళ్ళు, కొత్తగా చేరే ఆడపిల్లలు లేరు. చేరేది ఆఫ్రికాలో, వియత్నాంలో, మన దగ్గర. కాబట్టి మిషన్ దారి తిరగబడింది. అప్పుడు ఇటలీ నుంచి ఇక్కడికి వచ్చారు, ఇప్పుడు ఇక్కడి నుంచి ఇటలీకి పోతున్నారు. దీన్ని సభల పత్రికల్లో "సార్వత్రిక సంఘానికి మన కానుక" అని రాస్తారు, సార్వత్రిక సంఘమంటే ప్రపంచమంతటి చర్చి. మంచి మాటే, కానీ ఆ కానుక ఎవరింట్లోంచి తీశారో కూడా రాయాలి.

మా ఇంట్లోంచి తీశారు. చిన్నమ్మ ఇంటర్ అయ్యాక చేరింది. ఆస్పిరెంటు, పోస్టులెంటు, నొవీషియేటు, మొదటి మాటపట్టు, సిస్టరు కావడానికి ఉన్న మెట్లన్నీ దాటింది. నర్సింగ్ చదివించారు. కొన్నేళ్ళు తండాల మధ్య డిస్పెన్సరీలో పనిచేసింది. పాముకాటు, కాన్పు, టీబీ, ఏది వచ్చినా ఆమే. తర్వాత పై నుంచి ఆర్డరొచ్చింది. ఇటాలియన్ నేర్చుకుంది. ఇప్పుడు ముసలి సిస్టర్లకు స్నానం చేయించడం, డైపర్లు మార్చడం, చెంచాతో సూపు తాగించడం ఆమె పని.

అదే కాలంలో మా అమ్మమ్మ పల్లెలో ఒంటరిది. ఆ ఊరి బోరు నీళ్ళు ఎట్లాంటివో మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. లీటరుకు మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు మంచిది కాదన్నది లెక్క. అమ్మమ్మ తాగినంత కాలం ఆ లెక్క ఎవరూ చూడలేదు. సర్కారు మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వచ్చేసరికి ఆమె నడుము వంగిపోయింది, మోకాళ్ళు ముడుచుకోవు, మెడ తిరగదు. నెలకు 2,016 రూపాయల పింఛను. పక్కింటామె రెండు రొట్టెలు చేసి పెట్టేది. అమ్మ నల్గొండ నుంచి వారం వారం పోయేది. పక్క వీధిలోనే ఒకప్పుడు చిన్నమ్మలాంటి సిస్టరమ్మలుండే డిస్పెన్సరీ ఉండేది. దాని గేటుకు తుప్పు పట్టింది. అమ్మమ్మ ఒకసారి నాతో అన్నది: "దేవునికిచ్చిన బిడ్డ, వాపస్ అడగొద్దు. గని, దేవుడు ఇటలీలనే ఉంటడా?"

ఈ మాట చిన్నమ్మకు ఫోన్లో చెప్పాను, కొంచెం కసితోనే. ఆమె ఇచ్చిన జవాబు నా వాదనను దెబ్బకొట్టేదే, అయినా ఇక్కడ పెడుతున్నాను. "నన్ను బోర్డింగుల సాదిన సిస్టర్ ఇక్కడనే ఉన్నది బిడ్డా. పాలమూరుల ఉన్నన్ని దినాలు ఆమె ఎవ్వల పెయ్యి కడిగిందో నీకు ఎరుకనా? ఇప్పుడు ఆమెకు నేను కడుగుతున్న. అన్నీ మర్శిపోయింది గని, 'దా, బువ్వ తిను' అనుడు మర్వలే." దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. ఆ సిస్టరును చూసుకోవద్దని ఎవరనగలరు? కానీ మనిషి రుణం వేరు, సంస్థ లెక్క వేరు. ఇటలీలో ముసలివాళ్ళకు సర్కారు ఆరోగ్య సేవ ఉంది, జీతమిచ్చి పెట్టుకోదగ్గ పనివాళ్ళున్నారు, సభలకు అమ్ముకోదగ్గ పాత భవనాలున్నాయి. మా పల్లెలో ఆ మూడూ లేవు. రెండు చోట్లా ముసలితనమే. ఒక చోటికి నర్సు పోయింది, ఇంకో చోటికి తాళం వచ్చింది.

మతం మాట కూడా రెండు ముక్కల్లో తేల్చుకుందాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది, తెలంగాణలో బీసీ-సీ కింద ఒక్క శాతం కోటాలో పడతాడు. అంటే మతం మారితే పోయేదే ఎక్కువ. బువ్వ ఆశ చూపి మార్చేస్తున్నారనేవాళ్ళు ఈ నష్టం సంగతి ఎప్పుడూ ఎత్తరు. అనుమానం మాత్రం పెరుగుతూనే ఉంది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ రైల్వే స్టేషన్లో ఇద్దరు కేరళ సిస్టర్లను, వాళ్ళ వెంట ఆదివాసీ యువతులున్నారని, మనుషుల రవాణా, మతమార్పిడి ఆరోపణల మీద అరెస్టు చేశారు. వారం తర్వాత బెయిలు దొరికింది. నాకు తెలిసిన సిస్టర్లు కొందరు ఇప్పుడు రైలెక్కితే సల్వార్ కమీజ్ వేసుకుంటున్నారు. పల్లెలు వదిలి కాంపౌండు గోడల లోపలికి పోవడానికి ఈ భయం కూడా ఒక కారణం. అది మన తప్పు, వాళ్ళది కాదు.

ఇంకో సంగతి, ఇది చర్చి లోపలిది. సిస్టరమ్మలు ఇంకా ఎక్కువ త్యాగం చేయాలని నేను అడగడం లేదు. ఆ మాట వింటే నాకు చిరాకు. ఆమె సంపాదన ఆమెది కాదు. జీతం, పెన్షన్ సభకే పోతాయి. 2018లో వాటికన్ దినపత్రిక వాళ్ళ స్త్రీల మాసపత్రికే రాసింది, కార్డినళ్ళ, బిషప్పుల ఇళ్ళల్లో సిస్టర్లు దాదాపు జీతం లేకుండా వంటా బట్టలూ చూస్తున్నారని. గురువుల చేతుల్లో సిస్టర్ల మీద లైంగిక అత్యాచారాలు జరిగాయని పోపు ఫ్రాన్సిస్ 2019లో ఒప్పుకున్నాడు. మఠవాసుల వ్యవహారాలు చూసే రోము శాఖకు మొదటిసారి ఒక స్త్రీని, సిస్టర్ సిమోనా బ్రంబిల్లాను, పెద్దగా పెట్టింది 2025 జనవరిలో. ఎన్ని వందల ఏళ్ళకో! మరి మా చిన్నమ్మను ఇటలీకి పంపే ముందు "నువ్వు ఎక్కడ ఉంటవు?" అని ఎవరన్నా అడిగారా? అడిగారట. ఆమె తండాలన్నది. విధేయత వ్రతం, అంటే పెద్దల ఆర్డరుకు కట్టుబడతానన్న మాటపట్టు, మిగతాది చూసుకుంది. తండాలో మందులిచ్చే పని ఆగిపోవడానికి అదీ కారణమే. ఆమె మాట చెల్లి ఉంటే ఆ పని ఆగేది కాదేమో.

అందుకే నేను అడిగేది పెద్ద పెద్ద భవనాలు కాదు. సర్కారు ఇంకా సరిగ్గా చేరని పని ఒకటుంది, ముసలోళ్ళది. పిల్లలు హైదరాబాదు, పూణె పోయారు. ఆశా వర్కరుకు గర్భిణుల లెక్కా టీకాల లెక్కా చాలు. మంచాన పడ్డ మనిషికి పుండు కడగడం, షుగరు చూడటం, మందు వేళకు మింగించడం, గంట సేపు పక్కన కూర్చోవడం, ఇవి పథకాల్లో సరిగ్గా పట్టవు. ఇవన్నీ సిస్టరమ్మలకు కుష్ఠు వార్డులో చేయి తిరిగిన పనులే. ప్రతి సభా మూతబడ్డ డిస్పెన్సరీల్లో ఒక్కటి తెరవాలి. ఇద్దరు సిస్టర్లు, ఒక స్కూటీ, బీపీ మిషను, చుట్టూ ఐదారు ఊళ్ళు. ఎవరు పోవాలో పై నుంచి కాకుండా, పోతామన్నవాళ్ళలోంచి తీయాలి. కుల పట్టింపు మఠాల్లోనూ ఉందని అందరికీ తెలుసు కాబట్టి, ఈ పనిని మాదిగ, లంబాడా ఇళ్ళ నుంచి వచ్చిన సిస్టర్ల నెత్తిన మాత్రమే వేయకూడదు. ప్రిన్సిపాళ్ళయినవాళ్ళూ ఓ మూడేళ్ళు తిరగాలి.

డబ్బు ఎక్కడిదంటారా? పట్నం స్కూలు ఫీజులో పిల్లకు నెలకు యాభై రూపాయలు దీనికని పక్కన పెట్టండి, పెట్టినట్టు రసీదులో రాయండి. వెయ్యి మంది పిల్లలున్న స్కూలుకు అది నెలకు యాభై వేలు. పల్లెలో రెండు పూటలా తిని, మందులు కొని, పెట్రోలు పోయించుకోవడానికి అది సరిపోతుంది. తల్లిదండ్రులు గొణిగితే, వాళ్ళలో సగం మంది అమ్మానాన్నలు ఏ ఊళ్ళో ఒంటరిగా ఉన్నారో అడగండి, ఆ ఊళ్ళ పేర్లు రాసుకోండి, స్కూటీ ముందు ఆ దారినే పోవాలి.